నుదుటి మీద గాడి

నమ్మితే నమ్మండి, లేకపోతే లేదు డాక్టరమ్మా. నా మాట నమ్మనివాళ్లు ఇప్పుడే లేచి బయటికి వెళ్లిపోవచ్చు. ఈ గదిలో ఉన్నది మీరూ నేనూ ఇద్దరమే కాబట్టి, వెళ్లాల్సొస్తే మీరే వెళ్లాలి. నేను మాత్రం ఈ కుర్చీలోంచి లేవను. నా నుదురు సంగతేంటో తేలాలి.

మూడు ట్యూబులు. మొదటిది తెల్లగా ఉంది, రెండోది పచ్చగా జిడ్డోడుతోంది, మూడోదానికి అసలు రంగే లేదు. మూడూ మీరు చెప్పినట్టే పూటపూటా రాశాను. మూడోదాన్ని రోకలిబండ కింద పెట్టి ఒత్తి మరీ ఆఖరి చుక్క తీశాను. ఏమైంది? దురదకి పుష్టి చేసింది. మీ మందు తిని అది కండపట్టింది తప్ప, తగ్గలేదు.

ఇదిగో చూడండి. ఈ కణత నుంచి ఆ కణత దాకా, ఎర్రగా కాల్చిన తీగతో గీత గీసినట్టు లేదూ? చెవుల వెనక తోలు పొరలు పొరలుగా లేస్తోంది. గడ్డం కింద పట్టీ ఒరుసుకున్న చోట... ఆ, అక్కడే. నెమ్మదిగా తల్లీ, నెమ్మదిగా. మీ చెయ్యి చల్లగా ఉంది కాబట్టి ఓర్చుకున్నాను. మొన్న మా ఆవిడ తువ్వాలుతో అద్దబోతే నేను పెట్టిన కేకకి ఎదురింటి గేటు దానంతటదే తెరుచుకుంది.

నొప్పి పదికి ఎంతా? పద్నాలుగు వేసుకోండి.

పదికి పదే ఎక్కువంటారా? అది మామూలు మనుషుల లెక్క. నేనెవరో మీకు ఇంకా సరిగ్గా తెలిసినట్టు లేదు.

ముప్పై ఎనిమిదేళ్లు నీళ్ల మీటర్లు చూశానమ్మా. ఇంటింటికీ తిరిగి, గేటు పక్కన చిన్న గోతిలో ఉండే మీటరు మూత ఎత్తి, అంకెలు రాసుకోవడం. ఆ ముప్పై ఎనిమిదేళ్లూ సైకిల్ మీదే. నేను తిరిగిన దూరాన్ని తాడులా సాగదీస్తే భూమికి మూడు చుట్లు చుట్టి, మిగిలినదాంతో ముడి కూడా వేయొచ్చు. నా బెల్లు వినపడితే కుక్కలు మొరగడం మానేసి గేటు తీసేవి.

ఒకసారి, వినండి, ఒకసారి గుట్ట రోడ్డు మీద దిగుతుంటే రెండు బ్రేకులూ తెగిపోయాయి. ఇరవై రెండు మలుపులు. పక్కన లోయ. ఇంకొకడైతే కళ్లు మూసుకునేవాడు. నేనేం చేశానో తెలుసా? రెండు కాళ్లూ రోడ్డుకి ఆనించాను. చెప్పుల కిందనుంచి పొగ లేచింది. ఆ వాసనకి రోడ్డు పక్క ఇళ్లలో ఆడవాళ్లంతా, పొయ్యి మీద ఏదో మాడిపోతోందని వంటింట్లోకి పరిగెత్తారు. కింద నేను ఆగేసరికి చెప్పులు లేవు, పై పట్టీలే ఉన్నాయి. ఆ పట్టీలతోనే మిగతా నలభై మీటర్లూ చూసి రాసుకుని, ఇంటికొచ్చాను.

నవ్వండి. నవ్వితే నాకేం పోదు. కానీ నవ్వుతూనే ఆ చీటీల పుస్తకం ఇటు తీయండి.

ఏం రాయాలంటారా? ఒక్క ముక్క చాలు. 'ఈయన నెల రోజులపాటు హెల్మెట్ పెట్టుకోరాదు.' కింద సంతకం, మీ ముద్ర. మందులొద్దు, ట్యూబులొద్దు. ఆ చీటీ ఒక్కటి నా చేతిలో పెడితే మీకో దండం పెట్టి వెళ్లిపోతాను.

ఎందుకూ అంటే... అదొక పెద్ద కథ. మా బావమరిది లేడూ, మా ఆవిడ తమ్ముడు, వాణ్ని అందరం తరాజు అంటాం. ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ బజారులో తూకాలూ కొలతలూ తనిఖీ చేశాడు. రిటైరయ్యాడు గానీ ఆ బుద్ధి రిటైరవలేదు. అన్నం వడ్డిస్తుంటే గరిటె వంక అనుమానంగా చూస్తాడు. అలాంటివాడు మా ఆదివారం సైకిల్ బృందానికి పెద్ద. పదకొండు మందిమి. అందరం పింఛను మనుషులమే. ఆదివారం పొద్దున్నే బయల్దేరి అలా ఊరవతలికి తొక్కి వస్తాం.

వాడు హ్యాండిల్‌కి ఒక చిన్న డబ్బా బిగించుకున్నాడు. ఎంత దూరం తొక్కాడో, ఎంత వేగమో, గుండె ఎన్నిసార్లు కొట్టుకుందో అన్నీ అందులో పడతాయి. నేను ఏదైనా చెప్పబోతే చాలు, ఆ డబ్బా మీద వేలితో టకటకా కొడతాడు. "బావా, నీ కిలోమీటరు ఎంతుంటుంది? మాకైతే వెయ్యి మీటర్లే" అంటాడు. పదిమందీ నవ్వుతారు. నేనూ నవ్వుతాను. నవ్వక ఏం చేస్తాం, ఇంటల్లుడికి మించిన చనువు బావమరిదికి.

ఆ తరాజుగాడు పెట్టిందే ఈ నియమం. హెల్మెట్ లేనిదే సైకిల్ లేదు. ఎంత పెద్దవాడైనా సరే. తల లేనివాడికి మాత్రమే మినహాయింపు, అన్నాడు. నాకు హెల్మెట్ కొనిచ్చింది కూడా వాడే. తల చుట్టుకొలత టేపుతో కొలిచి మరీ తెచ్చాడు.

ఆ రోజుల్లో మాకు హెల్మెట్లెక్కడివమ్మా. జుట్టే హెల్మెట్. నా జుట్టు ఎలా ఉండేదంటే, ఒకసారి మేడ మీదనుంచి పూలకుండీ నెత్తిన పడి... సరే, అది వద్దు. ఇంకోసారి చెబుతాను.

ఏంటీ? కింద పల్చటి నూలు టోపీ పెట్టుకుని దానిమీద హెల్మెట్ పెట్టుకోవాలా?

అయ్యో, అది ప్రయత్నించలేదనుకున్నారా. టోపీ పెడితే హెల్మెట్ పైకి తేలుతుంది. గుడిసె మీద గుడిసె వేసినట్టు ఉంటుంది. జోరుగా తొక్కానంటే గాలికి రెండూ లేచి వెనకవాడి తలకి తొడుక్కుంటాయి.

లోపలి మెత్తలు మార్చాలా? కొత్తవి దొరకవు. దొరుకుతాయా? ఎక్కడ? ఈ వీధిలోనేనా... ఓహో.

పట్టీ కాస్త వదులు చేసుకోవచ్చుగా అంటే, వదులైతే ప్రమాదం కాదూ? మీరే అలా అంటే ఎలా.

చూడండి డాక్టరమ్మా, నేనొకటి అడిగితే మీరొకటి చెబుతున్నారు. నా నుదురు మంట మీకు తెలియదు. రాత్రి దిండుకి ఆన్చలేను. పొద్దున్న మొహం మీద నీళ్లు పోసుకుంటే కారప్పొడి చల్లినట్టు. జనం వంక చూస్తే వాళ్లు నా కళ్లలోకి చూడరు, కళ్లకి ఓ అంగుళం పైకి చూస్తారు. మొన్న ఇస్త్రీ చేసే ఆయన, "ఎవరితోనైనా తలతో కుమ్ముకున్నారా అండీ" అని అడిగాడు. ఇన్ని పడుతున్నవాడికి నెల రోజులు హెల్మెట్ వద్దని రాయడానికి మీకేంటి ఇబ్బంది?

ముందు కారణం తెలియాలా. తెలియాలి. మంచిదే. అందుకే కదా పోయినసారి హెల్మెట్ తెమ్మన్నారు, తెచ్చాను. ఇదిగో, ఈ సంచిలో ఉంది.

ఉండండి, నేనే తీసిస్తాను. అంతలో తొందరేముంది. ఆ చీటీ గురించి ముందు ఒక మాట అనుకుందాం.

అసలు సంగతి ఏంటంటే, ఈ ఆదివారం బృందమంతా గుట్ట రోడ్డు ఎక్కుతోంది. ఇరవై రెండు మలుపులూ. నిన్న తరాజు ఇంటికొచ్చి, అక్క ముందు కూర్చుని, "బావే ముందు తొక్కాలి. ఆయన దారి చూపిస్తే మేం వెనక వస్తాం. నాలుగు నెలలుగా ఆదివారాలు కూడా మాతో రాకుండా ఒంటరిగా సాధన చేస్తున్నాడు కదా, ఆ తడాఖా ఏంటో చూస్తాం" అన్నాడు. అంతటితో ఊరుకున్నాడా? "అక్కా, నువ్వూ రా. వ్యాన్ మాట్లాడాను, మంచినీళ్లూ పళ్లూ పెట్టుకుని వెనకే వద్దువుగాని. పెళ్లయిన ఇన్నేళ్లలో బావ గుట్ట ఎక్కడం ఎప్పుడైనా చూశావా?"

మా ఆవిడ మొహం చూడాలి మీరు. "లేదురా, ఆయన చెబితే వినడమే" అంది. అప్పుడే బీరువా తీసి ఏ చీర కట్టుకోవాలో చూసుకుంటోంది.

ఇప్పుడు చెప్పండి. పుండు మీద కారం చల్లినట్టు లేదూ? ఈ నుదురేసుకుని నేను గుట్టెలా ఎక్కను? ఎక్కలేక కాదు. ఒంటికాలితో ఎక్కుతాను. కానీ హెల్మెట్ లేనిదే సైకిల్ లేదు, ఈ నుదుటికి హెల్మెట్ పనికిరాదు. నోటిమాటగా చెబితే తరాజు నమ్మడు, వాడికి ముద్ర కావాలి. అందుకని మీ చీటీ.

ఇందులో తప్పేముంది?

...ఇచ్చేశాను కదా, తీసుకోండి. మెల్లగా. ఆ మెత్తలు ఊడదీయాలా? ఊడదీయండి. గట్టిగా లాగితే వచ్చేస్తాయి.

అవి... ఆ తెల్లగా రాలింది ఉప్పు. చెమట ఉప్పు. కంగారు పడకండి, మీ బల్ల నేను తుడుస్తాను.

అవును, అంత వస్తుంది. నా చెమట సంగతి మీకు తెలియదు. ఉద్యోగంలో ఉన్నప్పుడు ఒక ఎండాకాలం, మిట్టమధ్యాహ్నం, సైకిల్ ఆపి ఒక దుకాణం ముందు నిలబడ్డాను. లోపలున్న షావుకారు గుమ్మం ముందు నీళ్లు కారుతుండటం చూసి, వాన మొదలైందనుకుని బయట పెట్టిన బస్తాలన్నీ లోపలికి లాగించాడు. నేను తల తుడుచుకున్నాక మళ్లీ బయట పెట్టించాడు. అలాంటి చెమట నాది. వంశపారంపర్యం. మా నాన్న...

ఏంటి, వాసన చూస్తున్నారు?

వాసన లేదా.

లేకపోతే లేదు. అందరి చెమటా వాసన రావాలని ఉందా? కడిగాను. నిన్ననే కడిగాను. సబ్బు పెట్టి.

...అవును. కడిగితే ఉప్పు కూడా పోవాలి. నిజమే.

ఆ భూతద్దం ఎందుకమ్మా ఇప్పుడు. కంటికి కనిపిస్తూనే ఉందిగా. పలుకులా? పలుకులుగా ఉంటే ఏం. అంత పెద్ద పలుకులు చెమటలో కట్టవా? నాకేం తెలుసు, నేను మీటర్లు చూసినవాణ్ని. ఉప్పు దుకాణంలో కొన్నానని నేనన్నానా?

మీరూ అనలేదు.

గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టుంది నా వ్యవహారం.

కాసిన్ని మంచినీళ్లు ఇప్పిస్తారా.

...

బయట ఇంకెవరైనా ఉన్నారా? నేనే ఆఖరా. సరే. ఆ తలుపు కాస్త దగ్గరగా వేయండి.

ఇది ఎక్కడ మొదలుపెట్టాలో నాకు తెలియట్లేదు. విచిత్రం చూడండి. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియకపోవడం నా జన్మలో ఇదే మొదలు.

నాలుగు నెలల క్రితం. వానలు వెనకబట్టిన రోజులు. పొద్దున్న ఆరింటికి, నీళ్ల ట్యాంకు దగ్గర మలుపు ఉంది చూడండి, పెద్ద రోడ్డులోకి కలిసేచోట. గుట్ట కాదు, లోయ కాదు. పిల్లలు కూడా ఒక చెయ్యి వదిలి తిరిగే మలుపు. తడి ఆకుల మీద చక్రం జారింది. పడ్డాను. దబ్బున కూడా కాదు, మెల్లగా, సోఫాలో ఒరిగినట్టు ఒరిగాను. చిన్న గీత కూడా పడలేదు.

పడి, పక్కకి తిరిగి చూస్తే లారీ చక్రం.

నా మొహానికి జానెడు దూరంలో వెళ్లింది. జానెడంటే ఇదిగో, ఇంతే. నా కిలోమీటరు సంగతి వదిలేయండి, ఈ జానెడు మాత్రం జానెడే. ఆ టైరు మీది గాడులు ఒక్కొక్కటీ కనపడ్డాయి. ఒక గాడిలో చిన్న గులకరాయి ఇరుక్కుని ఉంది. బూడిదరంగుది. అది తిరుగుతూ వచ్చి, నా ముక్కు ముందుగా వెళ్లి, మళ్లీ పైకి వెళ్లిపోయింది. లారీవాడు ఆగలేదు. వాడికి నేను పడ్డట్టే తెలియదు. రోడ్డు మీద ఇంకో పురుగు లేదు.

లేచి, దుమ్ము దులుపుకుని, సైకిల్ నడిపించుకుంటూ ఇంటికొచ్చాను.

చూడండి, ఇంతకంటే మంచి కథ నాకెప్పుడు దొరుకుతుంది? నేను చెప్పాలేగానీ ఆ లారీ గాల్లో లేచేది, నేను కిందనుంచి దూరి అవతల తేలేవాణ్ని, డ్రైవరు దిగొచ్చి కాళ్ల మీద పడేవాడు. తరాజు డబ్బా పగిలిపోయేది. కానీ ఎవరికీ చెప్పలేదు. మా ఆవిడకి చెప్పలేదు. నోరు తెరిస్తే ఆ గులకరాయి కనపడుతుంది, మాట లోపలికి వెళ్లిపోతుంది.

మర్నాడు పొద్దున్న బయల్దేరాను. వీధి మలుపు తిరిగాక ఎక్కుదామని కాలెత్తాను. ఎత్తాననుకున్నాను. చూస్తే నేల మీదే ఉంది. మళ్లీ ఎత్తాను. మళ్లీ నేల మీదే. అరవై ఏళ్లుగా ఎక్కుతున్న సైకిల్ అది. దాని పక్కన నిలబడితే, కరిచే కుక్క పక్కన నిలబడ్డట్టుంది.

పార్కులోకి నడిపించుకెళ్లి, బెంచీ మీద రెండు గంటలు కూర్చుని, ఇంటికొచ్చాను.

రోజూ ఇంటికి రాగానే మా ఆవిడ హెల్మెట్ తీసుకుని బాల్కనీలో తీగకి ఆరేస్తుంది. అది ఆవిడ పద్ధతి. ఆరాక పట్టీల మీద తెల్లటి గీతలు కడతాయి కదా, చెమట ఆరినవి, వాటిని గోటితో గీకి చూస్తుంది. "ఇవాళ డెబ్భై దాకా తొక్కినట్టున్నారే" అంటుంది. "మా తమ్ముడికి డబ్బా ఉంది, నాకు ఉప్పుంది" అని నవ్వుతుంది. నా కోతలు ఆవిడ ఎప్పుడూ లెక్కలోకి తీసుకోలేదు. ఆ ఉప్పునే నమ్ముకుంది.

ఆ రోజు హెల్మెట్ పొడిగా ఉంది. లోపల చెయ్యి పెట్టి చూసి, వెంటనే నా నుదుటి మీద చెయ్యేసింది. "చెమటే పట్టలేదేంటి? ఒంట్లో ఎలా ఉంది? గుండెలో ఏమైనా..." అంది. తమ్ముడికి ఫోన్ చేసింది. వాడు పది నిమిషాల్లో వచ్చి నా నాడి చూశాడు, గడియారం పట్టుకుని. ఆ మధ్యాహ్నమంతా ఆవిడ నా చుట్టూనే తిరిగింది. నేను కునుకు తీస్తే ఊపిరి ఆడుతోందో లేదో వంగి చూసింది.

అది చూశాక ఏం చేయమంటారు? నిజం చెబితే ఇంకా భయపడుతుంది. చెప్పకపోతే పొడి హెల్మెట్ భయపెడుతుంది.

మర్నాడు సీసాలో నీళ్లు పోసుకుని, చిటికెడు ఉప్పు కలిపాను. పార్కులో మెత్తలు తడిపి పెట్టుకున్నాను. ఇంటికెళ్లాక ఆవిడ చేత్తో తడిమి, "అమ్మయ్య" అంది.

అక్కడితో ఆపి ఉంటే ఈ నుదురు మీదాకా వచ్చేది కాదు.

ఆరాక గోటితో గీకి, "ఇవాళ ముప్పై కూడా తొక్కినట్టు లేదే" అంది. ముప్పై. నన్ను. నేను ఊరుకుంటానా? మర్నాడు చెంచాడు వేశాను. "అరవై" అంది. రెండు చెంచాలు. "ఎనభై, శభాష్." ఆ మాటకి నా ఛాతీ ఎంత ఉబ్బిందో చెప్పలేను, నిజంగానే తొక్కినట్టు. ఆ మర్నాడు నుంచి గుప్పిట్లు. కరగకపోయినా వేశాను. నా చెమట అంటే ఎలా ఉండాలి మరి? చిటికెడు ఉప్పుతో సరిపెట్టుకునే మనిషినా నేను? ఒకరోజు "నూట ఇరవై తొక్కారా" అని మా ఆవిడ పక్కింటావిణ్ని పిలిచి పట్టీ చూపించింది. ఉప్పు వీధి చివర దుకాణంలో కొనేవాణ్ని. ఆ దుకాణం ఆవిడ మొన్న, "మీ ఇంట్లో ఎంతమంది ఉంటారండీ" అని అడిగింది.

అవును, రెండు గంటలూ తలకే ఉంటుంది. తడిది. బిగించి. వదులుగా ఉంటే నుదుటి మీద గాడి పడదు, గాడి లేకపోతే ఆవిడకి అనుమానం వస్తుంది. ఎవరైనా పలకరిస్తే, ఇప్పుడే నలభై తొక్కి కాస్త ఆగానని చెబుతాను. ఎండెక్కేకొద్దీ ఆ ఉప్పు పలుకులై గుచ్చుకుంటుంది. దానిమీద మర్నాడు ఇంకో గుప్పెడు. మీరేమో పైనుంచి మూడు రకాల మందులు పూయించారు. పాపం, అవి మాత్రం ఏం చేస్తాయి.

చేసుకున్నవాడికి చేసుకున్నంత. కోతలు కోసీ కోసీ, ఆఖరికి చెమటని కూడా ఉన్నదానికంటే ఎక్కువ చేసి చూపించబోతే తోలూడింది.

ఏంటి? ఇప్పుడా? ఇప్పుడేం రాస్తారు?

హెల్మెట్ పెట్టుకోరాదని రాస్తానంటారా. రాసేస్తారా నిజంగా? ఆదివారం తప్పుతుంది. తరాజు ఆ ముద్ర చూసి నోరు మూసుకుంటాడు. మా ఆవిడ చీర మడిచి బీరువాలో పెట్టేస్తుంది. నెల తర్వాత మళ్లీ ఇంకో గుట్ట, ఇంకో వ్యాన్. అప్పుడేం తేవాలి? మోకాలికి దద్దుర్లా?

వద్దు. ఆగండి.

నేను అడిగాను, నిజమే. ఇందాకట్నుంచి ప్రాణం తీశాను. ఇప్పుడు వద్దంటున్నాను.

మీ చీటీ ఏదైనా సరే మా ఆవిడ గట్టిగా చదువుతుంది. కళ్లద్దాలు పెట్టుకుని, మందు పేరు రెండుసార్లు పలికి, ఏ పూట ఎంతో క్యాలెండర్ మీద రాస్తుంది. అందుకని ఉన్నదున్నట్టు రాయండి. 'ఉప్పునీళ్లతో తడిపిన మెత్తల వల్ల వచ్చింది. ఉప్పు మానేయాలి.' అంతే. అది చదివి, నా వంక చూస్తుంది. అప్పుడింక నేను మొదలుపెట్టక తప్పదు. నా అంతట నేను మొదలుపెట్టలేను డాక్టరమ్మా. ముప్పై ఎనిమిదేళ్లు ముక్కూమొహం తెలియని గుమ్మాల ముందు నిలబడి గంటలు గంటలు మాట్లాడినవాణ్ని. నా ఇంట్లో, నా భార్యకి, భయమేస్తోందే అని ఒక్క మాట చెప్పడానికి మీ చేత చీటీ రాయించుకుంటున్నాను.

కాస్త అర్థమయ్యే అక్షరాలతో రాయండి. మీ మామూలు రాతలో రాస్తే, ఉప్పు అన్నచోట ఇంకేదో మందు పేరనుకుని దుకాణంలో అడుగుతుంది.

ఆ. ఉప్పు కింద గీత కూడా గీయండి. ముద్ర వేయండి.

ఇంకేంటి? ఎందుకలా చూస్తున్నారు?

అమ్మా, ఇది కోత కాదు. చెప్పుల పొగా, దుకాణం ముందు వానా మీరు నమ్మకపోతే నాకేం బాధ లేదు. వాటికి సాక్షులు లేరు, ఉండరు కూడా. కానీ ఇది నమ్మాలి. నాలుగు నెలలుగా నేను ఆ సీటు మీద కూర్చోలేదు. ఇవాళ కూడా ఇంటి దగ్గర్నుంచి మీ మెట్ల దాకా సైకిల్ నడిపించుకుంటూనే వచ్చాను, ఎండలో, మూడు కిలోమీటర్లు. వెయ్యి మీటర్ల కిలోమీటర్లే. మీ గేటు దగ్గర కాపలా ఉండే మనిషి చూశాడు. పంక్చరేమోనని పరిగెత్తుకొచ్చి, వంగి రెండు టైర్లూ నొక్కి చూశాడు. "గాలి నిండుగా ఉంది కదా పెద్దాయనా, మరెందుకు నడిపించుకొస్తున్నారు?" అన్నాడు. తల దించుకుని పైకి వచ్చేశాను.

అబద్ధమనిపిస్తే దిగి వెళ్లి అడగండి. ఆయన్ని మీసాలు అంటారట, ఇక్కడివాళ్లంతా. మీసాలాయన ఎవరంటే చూపిస్తారు.